కథ మధ్యలో లేచిన కుందేలు

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. అడవిలో వాగంతా ఎండిపోయి ఒక్క నల్లరాతి మడుగులోనే నీళ్ళు మిగిలాయి. పొద్దు వాలే వేళకు దుప్పులు, కుందేళ్ళు, కౌజుపిట్టలు, ఉడతలు అందరూ అక్కడికే చేరేవాళ్ళు. నీళ్ళు తాగాక కూడా వెంటనే పోబుద్ధి అయ్యేది కాదు. అక్కడ నక్క లింగన్న కథ చెప్పేవాడు.

లింగన్న ముసలివాడు. వెనక కాలు ఈడుస్తూ నడిచేవాడు. పరిగెత్తే దేన్నీ పట్టలేడు. పైగా కొమ్ముల దుప్పులు చుట్టూ ఉండగా ఎవరి మీదా నోరు వేసే ధైర్యం అతనికి లేదు. అందుకే ఎవరూ అతనికి భయపడేవాళ్ళు కాదు. గొంతు మాత్రం మెత్తగా, కాస్త వణుకుతూ, ఇంటి పెద్ద పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉండేది. అన్నీ ఏడుపు కథలే. గూడు కాలిపోయిన పిట్ట, మంద తప్పిన దుప్పిపిల్ల, వరదకు కొట్టుకుపోయిన ముంగిస. అవి జరిగినవి కావని అందరికీ తెలుసు. అయినా పది మాటలు వినేసరికి కళ్ళు నిండేవి. ఏడ్చాక తేలికపడేది. దేన్ని చూసి ఎప్పుడు పరిగెత్తాలో తెలియక రోజంతా బిగుసుకుపోయి ఉండే ఒళ్ళు అక్కడ కాసేపు వదులయ్యేది.

కుందేలు చెంగమ్మ ఒక్క రోజు కూడా మానలేదు. దానికి ఇద్దరు పిల్లలు, పుట్టి ఆరు రోజులు. బోదగడ్డిలో చెరో దుబ్బు కింద దాచింది. కుందేలు తల్లి పగలు పిల్లల దగ్గర ఉండదు. ఆ వయసు పిల్లలకు ఒంటి వాసన ఉండదు, తల్లికి ఉంటుంది. తల్లి ఏ దారిన పోతే ఆ దారినే దొంగ కూడా వస్తాడు. అందుకని పొద్దు గుంకాక ఒక్కసారి పోయి పాలిచ్చి వచ్చేయాలి. పగలంతా ఆ బెంగ మోస్తూ ఒంటరిగా కూర్చోలేక చెంగమ్మ కథకు వచ్చేది.

మొదట కౌజుపిట్ట గురవమ్మ పిల్లలు పోయారు. గూడు కాలిపోయిన కథ చెప్పిన రోజు గురవమ్మ ఆపుకోలేక మధ్యలో లేచి ఇంటికి ఎగిరింది. పిల్లలు క్షేమంగా ఉన్నారని చూసుకుని, చివరికి ఏమైందో విందామని తిరిగొచ్చింది. లింగన్న కథను సుఖంగా ముగించి, కాలు ఈడ్చుకుంటూ అందరికంటే ముందు వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఆ కథ గురించే మాట్లాడుకుంటూ ఇంకాసేపు కూర్చున్నారు. గురవమ్మ ఇంటికి పోయేసరికి గూట్లో నాలుగు ఈకలు తప్ప ఏమీ లేవు. పాము పని అన్నారు అందరూ. నాలుగు రోజులకు ఒక దుప్పి పిల్ల కూడా అలాగే మాయమైంది. ఆ తల్లి కూడా కథ సగంలో లేచి, పిల్లను చూసుకుని వచ్చి కూర్చున్నదే. ఈసారి చిరుత అన్నారు. పిల్లలున్న తల్లులకు నిద్ర కరువైంది. భయం పెరిగిన కొద్దీ వాళ్ళు లింగన్నకు మరింత దగ్గరగా జరిగి కూర్చునేవాళ్ళు.

ఒకరోజు లింగన్న కుందేలు తల్లి కథ ఎత్తుకున్నాడు.

ఆ తల్లి పిల్లల్ని ఎండుగడ్డిలో దాచి నీళ్ళకు పోయిందట. పోతూ పోతూ, నేనొచ్చేదాకా కదలకండి అని చెప్పిందట. ఇంతలో ఎక్కడినుంచో నిప్పురవ్వ పడి గడ్డి అంటుకుంది.

"పిల్లలకు వేడి తగులుతోంది" అన్నాడు లింగన్న. "అయినా కదల్లేదు. అమ్మ కదలొద్దంది కదా."

చెంగమ్మ కళ్ళు ధారలు కట్టాయి. పక్కన గురవమ్మ వెక్కుతోంది. ఊపిరి అందక చెంగమ్మ తల పైకెత్తింది. మద్దిచెట్టు కొమ్మ మీద కాకి ఓబులు కనిపించాడు. అందరి కళ్ళూ తడిగా ఉన్నాయి, అతనివి పొడిగా ఉన్నాయి. అతను కథ చెప్పేవాణ్ణి చూడటం లేదు. వినేవాళ్ళను ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి చెంగమ్మ దగ్గర ఆగాడు. అలాగే చూస్తూ ఉన్నాడు.

అప్పుడు తట్టింది చెంగమ్మకు. గురవమ్మ లేచిన రోజు ఆ కొమ్మ మీంచి కాకి కూడా లేచాడు. దుప్పి లేచిన రోజూ లేచాడు. లేచిన తల్లి వెంటే పోయి, కథ ముగిసేలోగా లింగన్న దగ్గరికి తిరిగొచ్చేవాడు.

తను లేస్తే పిల్లల చోటు కాకికి, కాకి నుంచి నక్కకు తెలిసిపోతుంది. ఏమైనా సరే లేవకూడదు, అనుకుని గోళ్ళు ఇసుకలో దింపి కూర్చుంది. కథ అబద్ధమని తెలుసు. ఆ అబద్ధం ఎందుకు చెబుతున్నాడో కూడా ఇప్పుడు తెలుసు. తెలిసినా ఏడుపు ఆగలేదు. మంటల్లో ఉన్నది తన పిల్లలే అన్నట్టు గుండె కొట్టుకుంటోంది.

లింగన్న దాని వైపు చూసి గొంతు ఇంకా తగ్గించాడు. "పిల్లలు అమ్మా అని పిలిచారు. అమ్మకు వినబడలేదు. ఎట్లా వినబడుతుంది? అమ్మ మడుగు ఒడ్డున కూర్చుని కథ వింటోంది."

చెంగమ్మ కాళ్ళు వాటంతటవే లేచాయి. తెలివి వచ్చేసరికి రాళ్ళు దాటి పరిగెడుతోంది. ముందు ఇసుక మీద రెక్కల నీడ కూడా పరిగెడుతోంది.

కాస్త దూరంలో దారి చీలింది. కుడివైపు బోదగడ్డి. ఎడమవైపు ఈతపొదలు. ఆ పొదల్లో అడవిపంది మారెక్క నిన్ననే ఈనింది. ఆ సంగతి అటుపక్క మేసే చెంగమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఈనిన పంది దగ్గరికి పోవడమంటే చావుకు ఎదురుపోవడమే.

చెంగమ్మ గాలి వాసన చూసింది. బోదగడ్డి వైపు పొగ లేదు. అయినా ముక్కుకు పొగ వాసనే తగిలింది. ఒంట్లో ప్రతి వెంట్రుకా కుడివైపు పొమ్మంటోంది. అది ఏడుస్తూ ఎడమవైపు తిరిగింది.

పొద లోపల గుర్రుమని చప్పుడైంది. "ఇంకో అడుగు వేస్తే చీరేస్తాను" అంది మారెక్క.

చెంగమ్మ అక్కడే కూలబడింది. తడబడుతూ లింగన్న కథల సంగతి, గురవమ్మ సంగతి, దుప్పి సంగతి, పైన తిరుగుతున్న కాకి సంగతి చెప్పింది. "ఆ నక్కకు నీ గుమ్మం చూపించేశాను. తప్పు నాదే అక్కా. వద్దంటే చెప్పు, ఇంకెటైనా పోతాను."

మారెక్క తన కడుపుకు అతుక్కుని పడుకున్న పిల్లల్ని చూసుకుంది. "ఏం కథ చెప్పాడు?" అని అడిగింది.

గడ్డి అంటుకుందని, అమ్మ కదలొద్దంది కాబట్టి పిల్లలు కదల్లేదని చెంగమ్మ చెప్పింది. మారెక్క బరువుగా ఊపిరి వదిలింది. పిల్లల్ని మూతితో పొద లోపలికి నెట్టింది.

"రానీ" అంది.

పాలిచ్చే తల్లికి పట్టేంత సేపు చెంగమ్మ అక్కడే కూర్చుంది. తరవాత బయటికొచ్చి, తీరిగ్గా మూతి నాక్కుంటూ మడుగు దగ్గరికి నడిచింది. అప్పటికే కాకి వెళ్ళి లింగన్న చెవి దగ్గర వాలాడు. కథలో వాన వచ్చింది, మంట ఆరింది, పిల్లలు బతికారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. లింగన్న లేస్తూ, "పిల్లలు బాగున్నారా తల్లీ?" అని చెంగమ్మను పలకరించాడు.

"హాయిగా పడుకున్నారు మావా."

అతను వెళ్ళిపోయాడు. చుట్టూ అందరూ ఆ వాన గురించి మాట్లాడుకుంటున్నారు. చెంగమ్మకు ఒక్క మాటా చెవికెక్కలేదు. కాకి నమ్మలేదేమో. దారి చీలిన చోట ఆ ముసలివాడు కుడివైపు తిరిగాడేమో. పందివాసన పసిగట్టి బోదగడ్డి వెతుకుతున్నాడేమో. కదిలితే గుట్టు పోతుంది, కదలకపోతే పిల్లలు పోతారేమో.

ఈతపొదల వైపునుంచి ఒక్క అరుపు వినిపించింది. అది నక్క అరుపు. మందంతా ఉలిక్కిపడి లేచింది. కాకి పైకెగిరి, ఎక్కడ వాలాలో తెలియనట్టు రెండు చుట్లు తిరిగి, కొండ అవతలికి పోయాడు.

కాసేపటికి లింగన్న వాగు ఇసుకలో పాకుతూ కనిపించాడు. ఒక చెవి లేదు. బాగున్న వెనక కాలు కూడా ఈడుస్తున్నాడు. చెంగమ్మ ఎదురుగా ఆగాడు.

"ఏడ్చావు కదే" అన్నాడు. "అంతమంది ముందు అంతలా ఏడ్చి, నీ పిల్లలు లేని పొదకు పరిగెత్తావా?"

"ఏడ్చింది నిజమే మావా" అంది చెంగమ్మ.

ఏం జరిగిందో గురవమ్మకు అప్పుడు అర్థమైంది. దుప్పి తల్లికీ అర్థమైంది. కొమ్ములు వంచి దుప్పులు ముందుకు కదిలాయి. లింగన్న వెనక్కి చూడకుండా పాక్కుంటూ వాగు దాటిపోయాడు. మళ్ళీ ఆ అడవిలో ఎవరికీ కథ చెప్పలేదు.

పొద్దు గుంకాక చెంగమ్మ బోదగడ్డికి పోయి, పిల్లలకు పాలిచ్చి, తొందరగా వచ్చేసింది.

కథ విని మనసారా ఏడవొచ్చు కానీ, ఆ ఏడుపు వెంట పరుగుతీసే ముందు వెనక ఎవరు వస్తున్నారో చూసుకోవాలి.