ఒక్కసారే మోగిన గడియారం

పద్మాక్షి గారిని ఎవరైనా "ఎందుకు?" అని అడిగితే, ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవారు. జవాబు మాత్రం చెప్పేవారు కాదు. కాకినాడలో ఆవిడ దగ్గర కంప్యూటర్లు చదువుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. అయినా అడగకుండా ఉండలేకపోయేవారు.

ఆ ఏడు రిజ్వానా అనే పరిశోధక విద్యార్థిని, ఆమె సహాధ్యాయి ఏలియా కలిసి ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేయాలని తలపెట్టారు. కంప్యూటరు మేలుకోగానే దాన్ని నడిపించే మూల ప్రోగ్రాం అన్నమాట. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి లైను నుంచి చివరిదాకా చదివి అర్థం చేసుకోగలగాలి. పరిశోధకులు ఏ భాగాన్నయినా విప్పి, మార్చి చూసుకోగలగాలి. బోర్డు మీద ప్రణాళిక రాసుకున్నారు. బొమ్మలు, శబ్దాలు, ఇంటర్నెట్టు అన్నీ అక్కర్లేదని కొట్టేశారు. దాన్ని పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీ ముందు పెట్టాలి. వాళ్ళు కాదంటే రిజ్వానా పరిశోధనాంశమే మారిపోతుంది.

దానికి ముందురోజు ఉదయం ఆమె గురువుగారిని అడిగింది.

"మేడం, ఇన్ని పెద్ద సిస్టమ్‌లు ఊరికే దొరుకుతుంటే ఈ పిల్ల సిస్టమ్ ఎందుకని రేపు అడుగుతారు. నాకే జవాబు తెలియడం లేదు. వదిలేద్దామా?"

పద్మాక్షి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇంతవరకు రాసింది నడిపించు, చూద్దాం."

రాసింది కొంచెమే. రెండు పనులు వంతులవారీగా నడవాలి. ఒకటి తెరమీద 'క' వేస్తుంది, రెండోది 'గ'. ఆ అక్షరాలు కూడా చుక్కచుక్కగా వాళ్ళే గీసుకున్నారు. యంత్రంలో ఒక గడియారం ఉంటుంది. అది మోగినప్పుడల్లా సిస్టమ్ ఒక పనిని ఆపి రెండోదానికి వంతు ఇవ్వాలి.

మీట నొక్కారు. 'క'లు వరసకట్టాయి. గడియారం మోగింది, 'గ'లు మొదలయ్యాయి. ఏలియా చప్పట్లు కొట్టబోయాడు. కానీ 'గ'లు ఆగలేదు. తెర నిండా అవే. రిజ్వానా మొహం వాడిపోయింది.

"పెద్ద సిస్టమ్ ఇలా మొండికేస్తే ఏం చేస్తావమ్మా?" అన్నారు పద్మాక్షి గారు.

"ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తాను, మేడం."

"మరి దీన్ని?"

రిజ్వానా ప్రింటరు దగ్గరికి వెళ్ళింది. రాసిందంతా కాగితాల మీద అచ్చు తీసి బల్లమీద పరిచింది. బల్ల ఇంకా సగం ఖాళీగానే ఉంది. తప్పు ఎక్కడున్నా ఆ కాగితాల్లోనే ఉండాలి. ఇద్దరూ వేళ్ళు పెట్టి చదవసాగారు.

"వంతు మార్చేచోట తప్పు చేశామేమో," అన్నాడు ఏలియా.

"ఒకసారి మార్చిందిగా! మార్చడం దానికి వచ్చు. మళ్ళీ మార్చమని ఎవరూ చెప్పడం లేదు."

"అంటే గడియారం..."

"ఒక్కసారే మోగింది!" రిజ్వానా లేచి నిలబడింది. "విన్నామని మనం చెబితేనే అది మళ్ళీ మోగుతుంది. మనం చెప్పలేదు ఏలియా! పాపం, నోరు మూసుకుని మనకోసం కాచుకుని కూర్చుంది!"

ఒక్క లైను చేర్చారు. మీట నొక్కారు. క, గ, క, గ, క, గ... వాళ్ళ కేకలకు పక్క తరగతివాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి తొంగిచూశారు. ఏలియా వాళ్ళని చేయిపట్టి లోపలికి లాక్కొచ్చి మరీ చూపించాడు. మధ్యాహ్నం భోజనం సంగతి ఎవరికీ గుర్తులేదు.

రిజ్వానా సుద్దముక్క అందుకుని బోర్డు దగ్గరికి పరుగెత్తింది. "ఆ ఒక్క లైనూ తీసేసి జూనియర్లకు ఇద్దాం, వాళ్ళే కనిపెట్టనీ! నా పరిశోధనలో వంతులు పంచే కొత్త పద్ధతి ఉంది కదా, దాన్ని కూడా ఇక్కడే పెట్టి కొలవచ్చు. దీంట్లో అడ్డుపడేది ఇంకేమీ లేదు కదా! మూడో పని చేరిస్తే ఎలా ఉంటుందంటావ్?" చెయ్యి రాస్తూనే ఉంది, మాట సాగుతూనే ఉంది. చెంపమీద సుద్ద అంటుకుంది.

ఉన్నట్టుండి ఆగి, వెనక్కి తిరిగింది. "అయ్యో మేడం, మరి రేపు కమిటీకి ఏం చెప్పను?"

పద్మాక్షి గారు అప్పటికే గుమ్మం దాకా వెళ్ళారు.

"ఇప్పుడు వెలిగిపోతున్న ఈ మొహంతోనే వెళ్ళు," అన్నారు.