కూర్మయ్య ఏ గట్టున నిలబడ్డాడు

కొండవాగు అడవిలో ఓటు వెయ్యడమంటే నడవడమే. సభలో ఏ మాటైనా తేలకపోతే, ఔనన్నవాళ్ళు వాగుకి తూర్పు గట్టున, కాదన్నవాళ్ళు పడమటి గట్టున నిలబడాలి. చివరి మెంబరు గట్టెక్కేదాకా లెక్క మొదలవదు. ఆ చివరి మెంబరు ఎప్పుడూ కూర్మయ్యే. తాబేలు కదా, ఏం చేస్తాడు పాపం.

సభలో రెండు జట్లు. మేసేవాళ్ళది కొమ్ముల జట్టు, వాళ్ళకి పెద్ద అడవిదున్న అప్పలస్వామి. వేటాడేవాళ్ళది గోళ్ళ జట్టు, వాళ్ళకి పెద్ద చిరుత గంగులు. రెండు జట్ల బలమూ సరిసమానం. అంచేత కూర్మయ్య వాగు నడుమ రాతి మీంచి దిగి అడుగేశాడంటే చాలు, చెరో పక్కా చేరి మావయ్యా ఇటు రా అని ఒకడు, బాబాయ్ అటు పద అని ఒకడు బతిమాలుతూ నడిచేవాళ్ళు. ఆయన ఆగి ఇద్దరి మాటా వినేవాడు. మెడ లోపలికి లాక్కుని ఆలోచించేవాడు. మళ్ళీ మెడ బయటపెట్టి, అంతా బాగానే ఉంది గానీ ఓ చిన్న సవరణ అనేవాడు. ఈలోగా ఎండెక్కి సగం సభకి కునుకు పట్టేది.

కూర్మయ్యని గెలిపించింది మడుగు చుట్టుపక్కల జనం. అక్కడ కొమ్ములవాళ్ళూ ఉన్నారు, గోళ్ళవాళ్ళూ ఉన్నారు. మొదటిసారి పందీ కోతీ పోటీపడి రోజూ తన్నుకుంటుంటే, కనీసం కొట్లాడడు కదా అని ఈయనకి వేశారు. రెండోసారి మంచివాడని వేశారు. మూడోసారి అలవాటై వేశారు. మెజారిటీ మాత్రం ఎన్నికెన్నికకీ కరిగింది. పన్నెండు, ఏడు, చివరికి రెండు. ఆయన వల్ల జరిగిన మేలు మర్చిపోడానికి జనానికి ఒక్క ఎండాకాలం చాలు. తగిలిన దెబ్బ మాత్రం మనవల దాకా చెప్పుకుంటారు.

నాలుగోసారి ఎదురు నిలబడింది నక్క జంబులయ్య. కూర్మయ్యకి బెంగ పట్టుకుంది. సీటు మీద మమకారం లేదని కాదు, ఉంది, బాగానే ఉంది. కానీ అసలు బెంగ వేరు. లేళ్ళు ఈనే నెలలో వేట కూడదన్న చట్టానికి గడువు ఈ ఏడుతో తీరిపోతుంది. కిందటిసారి అది ఒకే ఒక్క ఓటుతో గట్టెక్కింది. ఆ ఓటు తనది. జంబులయ్యకి లేత మాంసం అంటే ఎంత ఇష్టమో అడవంతా ఎరుగుదురు. ఆ సీట్లో ఆయన కూర్చుంటే, ఇకముందు పుట్టే లేడిపిల్లలకి దిక్కెవరు?

జంబులయ్య చేతిలో ఒక ఆయుధం ఉంది. సభలో ఎవరు ఏ ఓటు వేసినా, గుమాస్తాగా ఉన్న వడ్రంగిపిట్ట పోలమ్మ ఇప్పచెట్టు మాను మీద ముక్కుతో చెక్కి పెడుతుంది. ఆ గీతలు చదవడం ఆవిడకీ, ఒక వానాకాలమంతా ఆవిడ వెనకాల తిరిగి నేర్చుకున్న జంబులయ్యకీ మాత్రమే వచ్చు. పోలమ్మేమో ఎవరడిగినా, ఉద్యోగస్తురాలిని, రాజకీయాలు నాకెందుకమ్మా అనేది.

జంబులయ్య ముందు కొమ్ములవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వెదురు చిగుళ్ళు రెండేళ్ళపాటు ఎవరూ ముట్టకూడదన్నది ఎవరు? కూర్మయ్య. గోళ్ళవాళ్ళ పిల్లలున్న గుహల వైపు మందలు పోకూడదన్నది ఎవరు? కూర్మయ్య. ఇలా పదమూడు ఓట్లు ఏకరువు పెట్టి, నన్ను గెలిపిస్తే నా నాలుగు కాళ్ళూ ఎప్పుడూ మీ గట్టునే అన్నాడు. అక్కణ్ణించి తిన్నగా గోళ్ళవాళ్ళ దగ్గరికి పోయాడు. ఈనే నెలలో వేట మాన్పించిందెవరు, లేళ్ళు నాకడానికొచ్చే ఉప్పునేల దగ్గర పొంచి ఉండకూడదన్నదెవరు అంటూ ఇంకో పద్నాలుగు చదివి, నా నాలుగు కాళ్ళూ మీ గట్టునే అన్నాడు. ఒక్క అబద్ధం లేదు. ఉన్నదంతా నిజమే, కాకపోతే సగం. పైగా రెండు చోట్లా రొమ్ము విరుచుకుని, అనుమానముంటే చెట్టు దగ్గరే చదివి వినిపిస్తానని సవాలు కూడా విసిరాడు.

వారం తిరిగేసరికి మడుగు దగ్గర కూర్మయ్యని పలకరించే నాథుడు లేడు. లేళ్ళు మొహం తిప్పుకున్నాయి. అడవిపిల్లులు ఎదురొస్తే దారి మార్చాయి. ఇరవై ఏడు ఓట్లు వేసి రెంటికీ చెడ్డ రేవడినయ్యానా అని ఆయనకి ఏడుపొచ్చింది. రెండు రోజులు డిప్పలోంచి మెడ బయటపెట్టలేదు. మూడోనాడు జంబులయ్య సవాలు సంగతి చెవినపడింది. అప్పుడు లేచి, రోజున్నర నడిచి, ఇప్పచెట్టు దగ్గరికి చేరాడు.

"పోలమ్మా, రాజకీయం అడగను. రూలు అడుగుతాను. చెట్టు దగ్గర చదివితే ఎలా చదవాలి?"

"ఎవరి పేరెత్తితే వాళ్ళ గీతలన్నీ, మొదటి గీత నుంచి ఆఖరి గీత దాకా చదవాలి. అందరి ముందూ, గొంతెత్తి. మధ్యలో ఎగ్గొట్టకూడదు."

కూర్మయ్యకి అంతే కావాలి. లక్ష్మివారంనాడు జంబులయ్య చెట్టు దగ్గర చదువుతాడు, రండని రెండు జట్లకీ కబురంపాడు. ఎవరి కచ్చ వాళ్ళు తనివితీరా విందామని అందరూ తయారై వచ్చారు.

జంబులయ్య హుషారుగా వచ్చి, చెట్టుకి ఇటు కొమ్ములూ అటు గోళ్ళూ కూర్చుని ఉండడం చూసి తోక ముడిచాడు. కానీ సవాలు తనదే. పోలమ్మ సరిగ్గా పైకొమ్మ మీదే ఉంది. మొదలుపెట్టక తప్పలేదు.

"ఈనే నెలలో వేట కూడదు. కూర్మయ్య, ఔను."

గోళ్ళవాళ్ళు గుర్రుమన్నారు. ఇవతల ఒక తల్లి లేడి మాత్రం, మా పెద్దది పుట్టింది ఆ ఏడే సుమా అని పక్కదానితో అంది.

"వెదురు చిగుళ్ళు రెండేళ్ళు ముట్టకూడదు. కూర్మయ్య, ఔను."

ఇప్పుడు కొమ్ములవాళ్ళు బుసకొట్టారు. మనం నక్కే పొదలు నిలబెట్టింది ఈ ముసలాడేనా, మర్చేపోయానే అని అవతల గంగులు ఆశ్చర్యపోయాడు. ఇలా సాగింది. జంబులయ్య ఏది చదివినా ఒక పక్క తిట్టూ, ఒక పక్క దీవెనా. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నడుమ నడుమ కొన్ని గొణుగుడుగా చదవబోతే పోలమ్మ దిగి నెత్తి మీద టకటకమని రెండు పొడిచింది. దాంతో ఇరవై ఏడూ గొంతు చించుకుని చదివాడు.

చదవడం అయ్యాక అప్పలస్వామి లేచాడు. "ఉప్పునేల సంగతి మాకు చెప్పలేదేం జంబులూ?"

"టైము చాల్లేదండి" అన్నాడు జంబులయ్య.

"మాకు గుహల సంగతీ చెప్పలేదు" అన్నాడు గంగులు. "అవునూ, నాలుగు కాళ్ళూ మా గట్టునే అన్నావు కదా?"

"మాకూ అదే అన్నాడు" అన్నాడు అప్పలస్వామి. "ఏమయ్యా, నీకు మొత్తం ఎన్ని కాళ్ళు?"

అడవంతా గొల్లుమంది. అప్పలస్వామి మాత్రం నవ్వలేదు. కూర్మయ్య వైపు తిరిగి, వెదురు విషయంలో మా పక్కకి ఎందుకు రాలేదు మావయ్యా అని అడిగాడు. ఆ గొంతులో కోపం కన్నా నొప్పే ఎక్కువ ఉంది. కూర్మయ్యకి మెడ లోపలికి లాక్కోవాలనిపించింది. ఇప్పుడొక తీపి మాట చెబితే ఓట్లన్నీ తనవే, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"ఆ రోజు మీరు అడిగింది నాకు సబబుగా తోచలేదు అల్లుడూ, అందుకే రాలేదు. రేపు గెలిపించినా, సబబుగా తోచకపోతే రాను. ఇష్టమైతే వెయ్యండి, లేకపోతే మానండి."

 గంగులు పెద్దగా ఆవలించి, నాకూ ఒకసారి ఇదే మాట చెప్పాడీ మొండి బాబాయి, మీకూ చెప్పాడు కాబట్టి పర్వాలేదు అన్నాడు.

కూర్మయ్య నలభై ఓట్ల మెజారిటీతో గెలిచాడు. వేట చట్టం ఆ ఏడు మళ్ళీ గట్టెక్కింది, ఈసారీ ఒక్క ఓటుతోనే. లేడిపిల్లలు మడుగు చుట్టూ గెంతాయి. సభ ఇంకో తీర్మానం కూడా చేసింది, దానికి మాత్రం రెండు జట్లూ ఒకే గట్టున నిలబడ్డాయి. మేలు మర్చిపోయే జబ్బు అందరికీ ఉంది గనక, ఇకమీదట నెలకోసారి చెట్టంతా చదివి వినిపించాలి. పోలమ్మకి చెక్కుడు పనే సరిపోతోంది. చదువొచ్చిన ఇంకో శాల్తీ అడవిలో ఒక్కటే ఉంది.

అంచేత ఇప్పటికీ నెలనెలా జంబులయ్య ఇప్పచెట్టు కింద నిలబడి, తనని ఓడించినవాడి మంచి పనులు మొదటి నుంచీ గొంతెత్తి చదువుతున్నాడు. మింగుడుపడక ఒక గీత దాటేస్తే, ముందు వరసలో కూర్చున్న లేడిపిల్లలు కంఠతా అప్పజెప్పి సరిదిద్దుతున్నాయి.

సగం చదివి తిట్టినవాడు, మొత్తం చదవాల్సినరోజున పొగడక తప్పదు.