బుర్రా వారి నూకాలమ్మ సగం మోకాలు

జొన్నవలసలో బుర్రా వారికి ఒక గర్వం ఉండేది. ఊళ్ళో అందరికీ బుర్ర మెడ మీదే ఉంటుంది, తమకి ఇంటిపేరులో కూడా ఉందని.

"లోకానికి మనిషికో బుర్ర. మనకి మనిషికి రెండేసి," అనేవాడు ఇంటిపెద్ద గౌరయ్య. లెక్కేసి కూడా చూసుకున్నారు. గౌరయ్య, ఆయన భార్య నూకాలమ్మ, పెద్దకొడుకు ఈశ్వరరావు, వాడి పెళ్ళాం పైడమ్మ, ముప్పై దాటినా పెళ్ళికాని చిన్నకొడుకు కనకరాజు. అయిదుగురు మనుషులు, పది బుర్రలు. "పది తలలంటే రావణాసురుడు గదా!" అని ఎవరో నవ్వితే, "ఆయనేమైనా తక్కువ చదివాడేటి?" అని గౌరయ్య మీసం దువ్వుకున్నాడు.

ఇన్ని బుర్రలున్న ఇంట్లో చెడిపోయింది మాత్రం ఒక మోకాలు. నూకాలమ్మ కుడి మోకాలు.

నొప్పి సరే, నూకాలమ్మకి అంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. నాలుగేళ్ళ కిందట ఎదురింటి అచ్చియ్యమ్మ పదిమందిలో, "నూకాలమ్మ పులుసులో చేప ఇంకా ఈదుతూనే ఉంటాది, అంత నీళ్ళు," అనేసింది. దానికి జవాబు చెప్పాలంటే అచ్చియ్యమ్మ అరుగు ఎక్కాలి. అరుగుకి మూడు మెట్లు. మొదటి మెట్టు మీద కాలు వెయ్యగానే మోకాలు కలుక్కుమనేది, నూకాలమ్మ వెనక్కి వచ్చేసేది.

"కింద నిలబడే తిట్టొచ్చు గదమ్మా," అన్నాడు కనకరాజు.

"కిందనుంచి తిడితే తిట్టు పైకెక్కదురా," అంది నూకాలమ్మ. అలా నాలుగేళ్ళ తిట్లు ఆవిడ కడుపులోనే ఊరుతూ ఉండిపోయాయి.

చివరికి ఒకరోజు అందరూ కలిసి ఆవిణ్ణి ఆటో ఎక్కించి పట్నంలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఎత్తి చూసి, "మోకాలు లోపలివైపు బాగా అరిగిపోయిందండీ," అంది.

అంతే. అయిదుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"తింటే గదా అరిగేది," అన్నాడు ఈశ్వరరావు. "మా అమ్మ మోకాలు ఎవరు తిన్నారు?"

అందరూ గౌరయ్య వైపు తిరిగారు. ఆ ఇంట్లో ఏం తిన్నా అరిగేది ఆయనకొక్కడికే.

"నేను ముట్టలేదు!" అని గౌరయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నలభై ఏళ్ళ కాపరంలో అది వండిన పులుసు తప్ప దాని ఒంటిమీదిది ఏదీ తినలేదు. ఒట్టు."

డాక్టరమ్మ ఓపికగల మనిషి. "ఆ అరగడం కాదండీ, చెప్పు అరిగినట్టు అరిగింది. మోకాలు మొత్తం మార్చక్కర్లేదు. పాడైన సగం తీసేసి అక్కడ కొత్త ముక్క వేస్తాం. మిగతా సగం ఆవిడదే ఉంటుంది."

"అది మంచిదే," అన్నాడు గౌరయ్య. "మొత్తం మార్చేస్తే నాకు పరాయి ఆడమనిషి కాలులాగుంటాది."

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి, డాక్టరమ్మ ఒక్కొక్క మాటా ఒత్తి ఒత్తి చెప్పింది. "ఇంటికొచ్చాక ఆవిడ వాకరు, అంటే నాలుగు కాళ్ళ చేతి బండి, పట్టుకుని నడవాలి. పడితే ప్రమాదం. అందుకని ఇప్పుడే ఇంట్లో కాలికి అడ్డం వచ్చేవన్నీ తీసేయండి."

ఇంకేముంది, ఇంటికి రాగానే పని మొదలు. చాపలు తీసేశారు. పీటలు తీసేశారు. నీళ్ళ బిందెలు పెరట్లో పెట్టారు. గడపలకి కాళ్ళు తగులుతాయని గడపలు పీకేశారు. గడపలు పోయాక తలుపులు నిలబడవు గదా, తలుపులూ ఊడదీశారు. అయినా తృప్తి లేదు.

"ఇంకా ఏటుంది అడ్డం?" అని ఈశ్వరరావు నడుం మీద చెయ్యేసుకుని చూశాడు.

పైడమ్మకి గుర్తొచ్చింది. "అత్త రోజూ అంటాది గదా, ఈ ముసలోడు నా కాలికీ చేతికీ అడ్డమని."

అంతే. గౌరయ్యని మంచంతో సహా ఎత్తి పశువులపాకలో దింపి వచ్చారు. ఆయన కూడా కాదనలేదు. "డాక్టరమ్మ మాట మాటే," అని గేదె పక్కన సర్దుకున్నాడు. గేదెకి మాత్రం నచ్చలేదు.

ఆపరేషన్ నాడు నూకాలమ్మని ఖాళీ కడుపుతో రమ్మన్నారు. ఆవిడొక్కర్తే పస్తుంటే బాగోదని అయిదుగురూ ఖాళీ కడుపుతో వెళ్ళారు. ఆసుపత్రి గుమ్మంలోనే గౌరయ్య కళ్ళు తిరిగి పడిపోయాడు. నూకాలమ్మ కోసం తెచ్చిన తోపుడు మంచం మీద ఆయన్ని పడుకోబెట్టి లోపలికి తీసుకుపోతుంటే, నూకాలమ్మ కుంటుకుంటూ వెనకాలే పరిగెత్తింది. "అది నా ఆపరేషనండీ! ఆ మనిషి మోకాళ్ళు గుండ్రాళ్ళు! ముట్టుకోకండి!"

నర్సులు గౌరయ్యకి రెండు ఇడ్లీలు పెట్టి కూర్చోబెట్టారు. ఈలోపు కనకరాజు కనబడలేదు. కాసేపటికి ఒక మనిషిని వెంటేసుకుని వచ్చాడు. ఆ మనిషి చేతిలో కరెంటు సూది మిషను ఉంది. బజారులో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కుతాడు.

"ఈయనెందుకు?" అంది డాక్టరమ్మ.

"కొత్త ముక్క లోహంతో చేసిందని మీరే గదా చెప్పారు," అన్నాడు కనకరాజు. "ఇంతమంది పేషెంట్లున్న చోట తారుమారైతే ఎవర్ని అడుగుతాం? పెళ్ళిళ్ళలో మా ఇంటి గరిటెలు ఇలాగే పోయాయి. బు. నూ. అని రెండక్షరాలు చాలండీ."

"ముందు గిన్నెలన్నాడు, ఇక్కడికొచ్చాక మోకాలంటున్నాడు," అని ఆ చెక్కే మనిషి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, నూకాలమ్మ కుడి మోకాలి మీద పెన్నుతో తనే గుర్తు పెట్టి లోపలికి తీసుకెళ్ళింది.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మర్నాడే నూకాలమ్మని లేపి నిలబెట్టి, నాలుగు కాళ్ళ బండి చేతికిచ్చి నడిపించారు. ఆవిడ పదడుగులు వేసి, "మెట్లున్నాయా ఇక్కడెక్కడైనా?" అని అడిగింది. ఆవిడ మనసంతా ఆ మూడు మెట్ల మీదే ఉంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ రెండే రెండు మాటలు చెప్పింది. "వాపు తగ్గడానికి రోజుకి నాలుగుసార్లు ఐసు పెట్టండి. పడుకున్నప్పుడు కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలి."

ఐసు సంగతి ఈశ్వరరావు చూసుకున్నాడు. సైకిలు మీద గంట కొట్టుకుంటూ వచ్చే ఐసు మనిషిని ఆపి, రోజుకి ఎనిమిది పుల్ల ఐసులు తీసుకున్నాడు. కట్టు తడవకూడదని నర్సులన్నారు గనక పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద పొద్దున్న సేమ్యా ఐసు, మధ్యాహ్నం ద్రాక్ష, సాయంత్రం మామిడి, రాత్రి కొబ్బరి పేర్చాడు. ఇంకేముంది, ఊళ్ళో చీమలన్నీ వరస కట్టి నూకాలమ్మని చూడ్డానికి వచ్చాయి.

"చుట్టాలు రాలేదు గానీ చీమలొచ్చాయిరా!" అని నూకాలమ్మ కేక పెట్టింది.

రెండో మాట ఇంకా పెద్ద చిక్కు తెచ్చింది. కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలి. సరే, మూడు దిండ్లు పెట్టి పడుకోబెట్టారు. అప్పుడు పైడమ్మ అడిగింది, "ఎవరి గుండెకంటే?"

ఎవరికీ తెలీదు. డాక్టరమ్మ ఫలానా వాళ్ళ గుండె అని చెప్పలేదు. తప్పు జరక్కూడదని అందరి గుండెలూ కిందనే ఉంచేద్దామని తీర్మానించుకున్నారు. అంతే, ఆ రోజునుంచి ఇంట్లో నిలబడి నడిచినవాడు లేడు. పైడమ్మ పాక్కుంటూ వండేది. కనకరాజు పాక్కుంటూ వడ్డించేవాడు. గౌరయ్య పశువులపాకలోంచి మోచేతుల మీద దేక్కుంటూ వచ్చి, భార్యని కిందనుంచి పలకరించి, దేక్కుంటూ పోయేవాడు.

తలుపులు లేని ఇల్లు గదా, అంతా వీధికి కనబడేది. అచ్చియ్యమ్మ అరుగు మీద కూర్చుని చూసి చూసి బుగ్గ నొక్కుకుంది. "మోకాలు మార్పించుకుంటే ఇంత మర్యాదా! ఇంటిల్లిపాదీ సాష్టాంగపడిపోతన్నారు!"

నాలుగో రోజుకి వ్యాయామం చేయించడానికి ఫిజియో మేష్టారు వచ్చాడు. ఆయనకి వీళ్ళు పెట్టిన పేరు కాలు మేష్టారు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే నలుగురూ నేలమీదనుంచి, "గుండె! గుండె దించండి!" అని అరిచారు. మేష్టారు భయపడి కూలబడ్డాడు. సంగతి తెలిశాక లేచి, చీమల్ని దులిపించి, గుడ్డలో గడ్డ ఐసు చుట్టి ఎలా పెట్టాలో చూపించి, మోకాలు వంచడం నేర్పాడు.

"నొప్పని వదిలేస్తే కాలు బిగుసుకుపోతుంది. అప్పుడు మెట్లు ఎక్కలేరు," అన్నాడు.

మెట్లనేసరికి నూకాలమ్మ మొహం తెల్లబోయింది.

"పది రోజుల్లో మళ్ళీ వస్తాను. అప్పటికి మీ మోకాలికి తొంభై డిగ్రీలు రావాలి," అని చెప్పి మేష్టారు వెళ్ళిపోయాడు.

తొంభై డిగ్రీలు! అందరి గుండెలూ జారాయి. ఎలాగూ నేలమీదే ఉన్నాయి గనక ఎక్కువ దూరం జారలేదు.

"మన ఇంట్లో ఒక్క డిగ్రీ లేదు," అన్నాడు గౌరయ్య. "ఈశ్వరుడు పదో తరగతి తప్పాడు. కనకడు దాని దాకా పోలేదు."

"ఊళ్ళో అడుగుదాం," అన్నాడు కనకరాజు.

అన్నదమ్ములిద్దరూ సంచి పట్టుకుని బయల్దేరారు. జొన్నవలసలో పద్నాలుగు డిగ్రీలు దొరికాయి. చుట్టుపక్కల నాలుగూళ్ళు తిరిగారు. బీఏలు, బీకాములు, బీఎస్సీలు. జనం ఇవ్వనంటారేమో అనుకున్నారు గానీ, పట్టాలున్నవాళ్ళు అటకలు ఎక్కి మరీ దించి ఇచ్చారు. "మాకైతే ఎందుకూ పనికిరాలేదు తమ్ముడూ, మీ అమ్మ మోకాలికైనా పనికొస్తే అంతే చాలు," అని ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు.

తొమ్మిదో రోజుకి నూకాలమ్మ మోకాలి కింద ఎనభై తొమ్మిది డిగ్రీలు పేర్చి ఉన్నాయి. ఇంకొక్కటి కావాలి. ఆ ఒక్కటీ అచ్చియ్యమ్మ ఇంట్లో ఉంది. ఆవిడ కోడలు ఎమ్మే చదివింది.

ఈశ్వరరావు వెళ్ళి అడిగాడు. అచ్చియ్యమ్మ చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అంది, "మీ అమ్మని రమ్మను. వచ్చి, తన పులుసు నీళ్ళేనని ఒప్పుకుంటే ఇస్తాను."

వాడు వచ్చి ఆ మాట అక్షరం పోకుండా చెప్పాడు.

అంతే! నూకాలమ్మ లేచింది. ఎనభై తొమ్మిది డిగ్రీలు నేలపాలయ్యాయి. నాలుగు కాళ్ళ బండి టకటకలాడించుకుంటూ వీధి దాటింది. "అమ్మా, మెట్లు!" అని కొడుకులు పరిగెత్తేలోపు బండి కింద వదిలేసి, అరుగు స్తంభం పట్టుకుని, ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు, కుడి కాలు. మూడు మెట్లూ ఎక్కేసింది.

ఎక్కి అచ్చియ్యమ్మ ఎదురుగా నిలబడి నాలుగేళ్ళ బాకీ తీర్చేసింది. పులుసుతో మొదలెట్టి, అచ్చియ్యమ్మ పుట్టింటివాళ్ళ పులుసు దాకా వెళ్ళి, వాళ్ళ ఊరి చెరువు దాకా వెళ్ళింది. వీధి వీధంతా చేరింది. అరగంటకి ఆయాసం వచ్చి ఆగింది.

అచ్చియ్యమ్మ చేట కింద పెట్టి లేచింది. కుర్చీ తెచ్చి వేసింది. మంచినీళ్ళ చెంబు చేతికిచ్చింది. "కూర్చో వదినా. నాలుగేళ్ళయింది నువ్వు ఈ అరుగెక్కి. ఎవరితో దెబ్బలాడాలో తెలీక పిచ్చెక్కిపోయింది నాకు," అంది.

నూకాలమ్మ మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళు తాగింది. తాగి, "ఈ నీళ్ళు నీ పులుసుకంటే చిక్కగా ఉన్నాయి," అంది. ఇద్దరూ నవ్వడం మొదలెట్టి చాలాసేపు ఆపలేకపోయారు.

మర్నాడు కాలు మేష్టారు వచ్చి కొలబద్ద పెట్టి చూసి, "భేష్! నూట పది!" అన్నాడు.

"మేం తెచ్చింది ఎనభై తొమ్మిదే గదా," అని ఈశ్వరరావు తమ్ముణ్ణి పక్కకి లాగాడు.

"అందులో కొందరు రెండేసి చదివుంటారు," అన్నాడు కనకరాజు.

ఆరు వారాలకి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ నడిపించి చూసి సంతోషించి, ఇంటి సంగతంతా విని నవ్వింది. "చాలా బాగుంది. ఇంటికి గడపలూ తలుపులూ పెట్టుకోండి, పెద్దాయన్ని లోపలికి తెచ్చుకోండి. ఇక మీరు ఏడాది తర్వాత కనిపిస్తే చాలు," అంది.

రెండు నెలలు గడిచాయి. జొన్నవలస పంచాయతీ ఆఫీసులో వైద్య శిబిరం పెట్టారు. డాక్టరమ్మ వచ్చింది. పని అయ్యాక, ఎలాగూ వచ్చాను గదా, నూకాలమ్మని చూసి వెళదామని బుర్రా వారి ఇంటికి బయల్దేరింది. వీధి మొదట్లో ఆవిణ్ణి చూసిన కనకరాజు ఒక్క కేక పెట్టి ఇంట్లోకి పరిగెత్తాడు.

ఇంకేముంది, డాక్టరమ్మ వచ్చేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, ఇంట్లో పురుగు లేదు. పెరట్లోకి వెళ్ళి చూసింది. గడ్డిమేటు ఊపిరి పీలుస్తోంది. మధ్యలో తుమ్మింది కూడా.

"నూకాలమ్మ గారూ?"

"నేనిక్కడ లేనమ్మా," అంది గడ్డిమేటు.

"ఎందుకు దాక్కున్నారు?"

"ఏడాది తర్వాత కనిపించమన్నారు గదా," అని లోపలినుంచి గౌరయ్య గొంతు జవాబిచ్చింది. "మీరే తొందరపడి వచ్చేశారు."

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. ఇన్నాళ్ళకి వాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆవిడకీ తెలిసింది. "సరే, మీరెవరూ కనిపించొద్దు. ఒక్క మోకాలు చూపించండి, చూసి వెళ్ళిపోతాను."

లోపల కాసేపు గుసగుసలాడుకున్నారు. పది బుర్రలూ ఆలోచించాయి. గడ్డి కదిలింది. మెట్టెలతో సహా ఒక కాలు బయటికొచ్చింది. డాక్టరమ్మ వంగి పట్టుకుంది. వంచింది, చాపింది, మోకాలంతా తడిమింది. కుట్ల గుర్తు ఎక్కడా లేదు.

"ఇది ఎడమ కాలమ్మా! నేను చూడాల్సింది ఆపరేషన్ చేసిన కాలు!"

"ఎలా కుదురుతాదమ్మా?" అంది నూకాలమ్మ గడ్డిలోంచి. "మీరు ఏడాది తర్వాత రమ్మన్నది దాన్నే గదా! దానికింకా పది నెలలుంది!"