మీసాల వరహా

ఒకానొక రేవు రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజుకు తన మీసాలంటే మహా మురిపెం. బంగారు వరహాల మీద కూడా ఆ మీసాలే అచ్చు వేయించాడు.

మన నాణేలకు పరదేశి నాణేలు మార్చి ఇచ్చే షరాబు మల్లిశెట్టిని ఒకనాడు కొలువులో అడిగాడు.

"మా వరహాకు ఓడవాళ్ళు ఎన్ని దీనారాలిస్తున్నారోయ్?"

"రెండు, మహాప్రభూ."

"మా మీసాలకు రెండా! నేటినుంచి పది. ఇది శాసనం! మమ్మల్ని చులకన చేసిన వీడి చెయ్యి రేపు నరకండి!"

సభ నిర్ఘాంతపోయింది. అబద్ధమాడితే శిక్షంటే విన్నాం గానీ, ఉన్న ధర చెబితే చెయ్యి తీయడమేమిటి!

విదూషకుడు కూచన మెల్లగా అడిగాడు. "ఖజానాకూ ఇదే ధరా, ప్రభూ?"

"రాజు మాటకు తిరుగుందా!"

కూచన తన ఒక్క వరహా ఖజానాలో ఇచ్చి పది దీనారాలు పుచ్చుకున్నాడు. రేవులో బట్టల వర్తకులకు వాటిని పాత ధరకే ఇచ్చి ఐదు వరహాలు తెచ్చాడు. ఆ ఐదింటికి ఖజానాలో యాభై దీనారాలు వచ్చాయి. శాసనం కనుక ఖజానా అధికారి లెక్కపెట్టి ఇచ్చాడు. అలా తిరిగి తిరిగి, పొద్దు గుంకేలోగా దీనారాలు మోయడానికి కూచనకు ఎద్దుబండి కావలసి వచ్చింది.

మర్నాడు రాజు మనసుపడ్డ తెల్లగుర్రాన్ని పరదేశి వర్తకుడు కొలువుకు తెచ్చాడు.

"వరహాకు రెండు దీనారాలే లెక్క కడతాను. పదంటారా, దీనారాలే ఇప్పించండి. లేదంటే గుర్రాన్ని ఓడెక్కిస్తాను" అన్నాడు.

"దీనారాలు తెండి!"

ఖజానా అధికారి కాళ్ళమీద పడ్డాడు. "ఒక్కటీ లేదు ప్రభూ! ఉన్నవన్నీ తమ మీసాలే!"

రాజు ముఖాన నెత్తురుచుక్క లేదు. "ఎవడు దోచాడు?"

"దోచలేదు, తమ శాసనం పాటించాను" అన్నాడు కూచన. "ఇంట్లో మన వెల మనం ఎంతైనా చెప్పుకోవచ్చు ప్రభూ. గడప దాటితే ఎదుటివాడికి మనతో ఎంత పనుందో అంతే వెల. ఆ మాట చెప్పినవాడి చెయ్యా నరికించేది?"

రాజు మల్లిశెట్టిని పిలిపించాడు. "ఇప్పుడు చెప్పు. మా వరహాకు ఎన్ని?"

మల్లిశెట్టి, చెయ్యి నరకడానికి వచ్చి నిలుచున్న తలారి కత్తి వంక చూశాడు.

"రెండే, మహాప్రభూ."

రాజు మీసాలు అదిరేలా పకపకా నవ్వాడు. "చెయ్యి పోతుందన్నా వీడి ధర మారలేదు! ఇకనుంచి రేవులో వీడు చెప్పిందే ధర. కూచనా, నీకు నూరు వరహాలు!"

"ఇప్పుడే వద్దు ప్రభూ, ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ముందు బండి బాడుగ ఇప్పించండి, తమ దీనారాలు తోలుకొస్తాను."