రాజుగారి రెండో విమానం

రాజుగారికి రెండు విమానాలు ఉండేవి. రెండూ చిన్నవే. ఒక్కోదానికి రెండేసి ఇంజన్లు. ఒకే రోజు కొన్నవి, ఒకే రంగువి. వాటిలో ఒకటి పక్క రాజ్యానికి కానుకలు తీసుకెళ్తూ కొండకి తగిలి కూలిపోయింది. దాన్ని నడిపిన అహోబలం చనిపోయాడు.

రాజుగారు చాలా బాధపడి, కారణం కనుక్కోమన్నారు. కొలువులోని పెద్దలు ఎవరి పని వాళ్ళు సవ్యంగానే చేశామన్నారు. ఇంజన్లు బాగున్నాయి, పెట్రోలు శుభ్రంగా ఉంది, ఆకాశం నిర్మలంగా ఉంది, బరువూ సరిపోయింది. ఇక మిగిలింది అహోబలం ఒక్కడే. అతను వచ్చి కాదనే వీలు లేదు. అందుకని తప్పంతా అతనిదేనని తేల్చి, ఊరంతా చాటింపు వేయించారు.

అది విని అహోబలం భార్య నాంచారమ్మ కొలువుకి వచ్చింది.

"తప్పు మా ఆయనొక్కడిదే అంటున్నారు. అయితే ఆ రెండో విమానానికి ఏ లోపమూ లేనట్టే కదా ప్రభూ?"

"లేనట్టే" అన్నారు రాజుగారు.

"కొత్త పైలట్ కూడా వచ్చాడు. రేపు పొద్దున అదే పెట్రోలు పోసుకుని, అంతే బరువు వేసుకుని, అదే దారిలో తమరూ ఈ పెద్దలూ ఒకసారి వెళ్ళి రండి. నేనింక నోరెత్తను."

రాజుగారికి ఆ మాట న్యాయంగా తోచింది. పైగా ఆయనకి షికారంటే సరదా. ఫలహారం కానిచ్చి అందరూ మైదానానికి రావాలన్నారు. మర్నాడు పెద్దలెవరికీ ఫలహారం సహించలేదు.

ఇంజన్ల అధికారి విమానం మెట్ల దాకా వచ్చి కడుపు పట్టుకున్నాడు.

"కడుపునొప్పికి పైగాలి మంచిది, ఎక్కు" అన్నారు రాజుగారు.

"ప్రభూ! దానిలాగే దీనికీ కుడి ఇంజను పైకి లేచేటప్పుడు కాస్త దగ్గుతుంది. ఒకటి ఆగిపోతే విమానం ఆ పక్కకే తిరిగిపోతుంది."

"రెండూ బాగున్నాయన్నావుగా?"

"నేల మీద బాగుంటాయి ప్రభూ. నేను చూసింది నేల మీదే."

రాజుగారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి పెట్రోలు అధికారికి ధైర్యం వచ్చింది. పీపాలు వానలో ఉండిపోయాయనీ, అడుగున ఓ చెంబెడు నీళ్ళు చేరి ఉంటే ఉండొచ్చనీ గొణిగాడు. వాతావరణం చూసే ఆయనైతే అడక్కుండానే అందుకున్నాడు.

"కొండల మీద మబ్బు దిగి ఉంది ప్రభూ. ఆ రోజూ అలాగే ఉంది."

"మరి నిర్మలంగా ఉందని చెప్పావే!"

"తమరు మేడ మీద నిలబడి అడిగారు. మేడ మీద నిర్మలంగానే ఉంది."

ఇక బరువు సంగతి చూసిన మంత్రి మిగిలాడు. కానుకల్లో రాజుగారి నిలువెత్తు కంచు విగ్రహం ఉందనీ, దాన్ని తూకం వేయించలేదనీ ఒప్పుకున్నాడు.

"ఎందుకు వేయించలేదు?"

"తమరు బరువెక్కువని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

"ఇన్ని ఉంటే వీటిలో అసలు కారణం ఏదయ్యా?" అని అడిగారు రాజుగారు.

"నాది చిన్నదే ప్రభూ, అదొక్కటే అయితే కూలేది కాదు" అన్నారు నలుగురూ. ఆ మాట నిజమే.

రాజుగారు నవ్వుకుంటూ మెట్టు మీద కాలు పెట్టి, కొత్త పైలట్ వైపు తిరిగారు. "అన్నీ విన్నావుగా. ఎగురుతుందా?"

పైలట్ మొహం పాలిపోయింది. "తమరి ఆజ్ఞ అయితే ఎగురుతుంది ప్రభూ."

రాజుగారి నవ్వు ఆగిపోయింది. మైదానం అంచున నిలబడి ఉన్న నాంచారమ్మని అడిగారు. "ఆ రోజు అహోబలం నీతో ఏమన్నాడమ్మా?"

"క్యారేజీ ఇద్దామని ఇక్కడికే వచ్చాను. ఇంజను దగ్గుతోందన్నాడు. కొండ మీద మబ్బుందన్నాడు. విగ్రహం ఎక్కిస్తే చక్రాలు అణిగిపోయాయన్నాడు."

"మరి నాతో ఒక్క మాటా అనలేదే! నేను అడిగాను కూడా."

నాంచారమ్మ కొత్త పైలట్ వైపు చూసింది. రాజుగారూ అటే చూశారు.

"కుదరదని చెప్పు" అన్నారు అతనితో.

"చిత్తం. తమరి ఆజ్ఞ. కుదరదు ప్రభూ."

"అలా కాదయ్యా. నేను చెప్పమన్నానని కాదు. నీ అంతట నువ్వు చెప్పు."

పైలట్ పెద్దల వైపు చూస్తే వాళ్ళు నేల చూస్తున్నారు. రాజుగారు ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి అలాగే నిలబడ్డారు. ఆయన దేనికోసమైనా ఎదురుచూడటం అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"ఎగరదు ప్రభూ" అన్నాడు పైలట్. మళ్ళీ అన్నాడు. "నేను ఎగరనివ్వను."

అని, తల తెగిపడుతుందేమోనని కళ్ళు మూసుకున్నాడు. రాజుగారు మెట్టు మీంచి కాలు తీసి కింద పెట్టారు.

కబురు తెలిసిన రోజు కూడా ఏడవని నాంచారమ్మ ఆ మైదానంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. రాజుగారు కొంచెం దూరంలో ఆ మట్టిలోనే కూర్చున్నారు.

"తప్పు అహోబలానిది కాదని చెప్పించండి" అన్నారు.

"మరి ఎవరిదని చెప్పించమంటారు ప్రభూ?" అన్నాడు మంత్రి, చేతులు కట్టుకుని.

రాజుగారు తలెత్తి అతన్ని చూశారు.

"అదీ నన్నే అడుగుతున్నావా?"