తవిటయ్య పట్టుకున్న చెయ్యి

అనగా అనగా, మన ముత్తాతలకి ఇంకా పాలపళ్లు ఊడని కాలంలో, గెడ్డ, అంటే వాగు, పొడుగునా ఏడు ఊళ్లుండేవి. ఏడూళ్లకీ గాజులమ్మేవాడు ఒక్కడే. పేరు తవిటయ్య.

భుజాన మలారం, అంటే గాజులు గుచ్చిన తాళ్ల మోపు. ఎండలో నడక. గుమ్మం ముందు ఒకటే పిలుపు: "చెయ్యి ఇటివ్వు తల్లీ!"

తవిటయ్యకి వాళ్ల నాన్న నేర్పిన కట్టుబాటు ఒకటుంది. గాజు తొడిగేటప్పుడు కళ్లు చేతి మీదే ఉండాలి. ముఖం మీదికి పోకూడదు. ముప్ఫై ఏళ్లు అలాగే తొడిగాడు. అందుకని ఏడూళ్ల ఆడవాళ్లలో ఏ ఒక్కరి ముఖమూ అతనికి తెలియదు. తెలియని చెయ్యి మాత్రం లేదు.

ఆ ఏడూళ్లలో పెద్ద ఊళ్లో అచ్చియ్యమ్మ అని ఒక ఘోషా ఇల్లాలు. ఘోషా అంటే పరాయి మగవాళ్ల కంటబడకుండా తెర చాటున ఉండడం. మొగుడు బర్మాలోని రంగం వెళ్లి మూడేళ్లయింది. ఉత్తరం లేదు, కబురు లేదు. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన మూడెకరాల పొలమే ఆమెకీ, ఇద్దరు ఆడపిల్లలకీ కూడు. ఆ పొలం మీద బావగారు సీతన్న దొరకి కన్నుపడింది.

దొర ఏం చేశాడు? పక్క తాలూకా నుంచి అచ్చియ్యమ్మ పోలికలున్న కూలిమనిషిని వెతికి తెచ్చాడు. అదే ముక్కు, అదే రంగు, అదే ఎత్తు. పట్టుచీర కట్టించి, గూడు బండి ఎక్కించి, రిజిస్ట్రారు కచేరీకి తోలించాడు. పొలం తనకి అమ్మేసినట్టు కాగితం కూడా రాయించి తెచ్చాడు.

రాసిచ్చే మనిషి ఫలానా అని ఎరిగినవాళ్లు చెబితేనే రిజిస్ట్రారు వేలిముద్ర వేయించుకునేది. దొర మనుషులు ఇద్దరు "ఎరుగుదుం" అన్నారు.

"ఇద్దరూ మీ చుట్టాలే. బయటివాడు ఒకడు చెప్పాలి" అన్నారు రిజిస్ట్రారు గారు.

అప్పుడే వీధిలో గాజుల గలగల వినబడింది. దొర ఒక్క గెంతులో బయటికొచ్చాడు.

"ఒరే తవిటీ! వేళకి దొరికావురా. లోపల మా మరదలుంది. ఎరుగుదునని ఒక్క ముక్క చెప్పు. కొత్త పంచె పెడతాను."

"చెయ్యి చూడాలి బాబూ."

"చెయ్యేమిట్రా నీ మొహం! లోపలికి నడు."

లోపల తెర ఓరగా తీశారు. "ఈమె అచ్చియ్యమ్మేనా? చూసి చెప్పు" అన్నారు రిజిస్ట్రారు గారు.

తవిటయ్య నేలచూపులు చూశాడు. "చెయ్యి చూడాలి బాబూ. ముఖం నాకు తెలీదు."

కచేరీ అంతా గొల్లున నవ్వింది. బంట్రోతు ఊరుకుంటాడా? "ఏం మావా, ఇలాగైతే నీ పెళ్లాన్నైనా గుర్తుపడతావా?"

"దాని చెయ్యి నా వీపుకి బాగా తెలుసు నాయనా" అన్నాడు తవిటయ్య.

ఈసారి రిజిస్ట్రారు గారూ నవ్వారు. దొర నవ్వలేదు. వంగి చెవిలో అన్నాడు: "చెప్పకపోయావో, మా ఊళ్లో మళ్లీ అడుగు పెట్టవు."

తవిటయ్య కూడులో సగం ఆ ఊరిదే. ఎరుగుదునంటే తన కూడు నిలుస్తుంది. లోపలున్నది వేరే మనిషైతే అచ్చియ్యమ్మ కూడు పోతుంది. మూడోసారీ అదే మాట అన్నాడు: "చెయ్యి చూడాలి బాబూ."

"సరే, చూడు" అన్నారు రిజిస్ట్రారు గారు.

"చెయ్యి ఇటివ్వు తల్లీ."

తెర కిందినుంచి ఎడమ చెయ్యి వచ్చింది. తవిటయ్య ఒక గాజు తీసి తొడిగాడు. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. రెండో గాజు తొడిగాడు. దిగింది. మూడోదీ దిగింది.

"ఈ చెయ్యి నేనెరగను బాబూ" అన్నాడు. "అచ్చియ్యమ్మగారు చిన్నప్పుడు ఉయ్యాల మీంచి పడ్డారు. ఎడం బొటనవేలి కింద ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. ఈ కొలత గాజు ఆ చేతికి ఏనాడూ ఎక్కలేదు. ఒక్క ఆ చేతి కోసమే పెద్ద కొలత మోస్తాను."

తెర వెనక ఏడుపు. "అయ్యా, పిల్లలకి నూకలిస్తానంటే వచ్చాను. పొలం ఎవరిదో నాకు తెలీదు!" అంటూ ఆ కూలిమనిషి గాజులు తీయబోయింది.

"ఉంచుకో తల్లీ. తొడిగిన గాజు వెనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు" అన్నాడు తవిటయ్య.

మర్నాడు రిజిస్ట్రారు గారే తవిటయ్యని వెంటబెట్టుకుని అచ్చియ్యమ్మ గుమ్మానికి వెళ్లారు. తెర కిందినుంచి ఎడమ చెయ్యి వచ్చింది. తవిటయ్య అదే కొలత గాజులు మూడు తొడిగి చూశాడు. ఒక్కటీ ఎక్కలేదు. దొర కాగితం అక్కడే చిరిగింది. పొలం నిలిచింది.

దొర మాత్రం అన్నంత పనీ చేశాడు. ఆ ఊరి గుమ్మాలు తవిటయ్యకి మూతపడ్డాయి. అయితే ఏం? ఆడవాళ్లే పొలిమేర దాకా నడిచొచ్చి చేతులు చాపారు. ఘోషా ఇళ్లవాళ్లు బండి తెర సందులోంచి చాపారు. తవిటయ్య పోయేదాకా అలాగే సాగింది.

ఇప్పటికీ ఆ ఏడూళ్లలో ఆడమనిషి కాగితం మీద వేలిముద్ర వేయాలంటే, ముందు ఎరిగినవాళ్లొకరు ఆమె చేతికి ఒక గాజు తొడుగుతారు. దాన్ని తవిటయ్య గాజు అంటారు. గాజులు మానేసినవాళ్లకైతే ఊరికే చెయ్యి పట్టుకుంటారు, కాస్త ఎక్కువసేపే. చట్టంలో ఈ ముచ్చట ఎక్కడా లేదు. అయినా అక్కడికి ఏ రిజిస్ట్రారు వచ్చినా తొందరపెట్టడు. పట్టుకున్న మనిషి "ఎరుగుదును" అనేదాకా సిరా పెట్టె మూత తీయడు.