ముట్టుకుంటే పెరిగే కాగితాలు

ఒక నది మీద ఒక ఆనకట్ట ఉండేది. దాని గేట్లు ఏ వరుసలో ఎత్తాలో చెప్పే అధికారి ఒకడు ఉండేవాడు. వరుస తప్పితే వరద నేరుగా దిగువనున్న లంక మీద పడుతుంది. ఏ నీటిమట్టానికి ఏ గేటు ముందో చెప్పే పట్టిక అధికారి కంప్యూటర్‌లో ఉంది. ఆ లంకలోనే అతని చెల్లెలు కాపురం ఉంటోంది.

అధికారికి చదునుగా ఉండే తెర అంటే విసుగు. ఫైళ్లన్నీ బడిపిల్లల్లా వరుస కట్టి నిలబడడం ఏమిటని, తెరను గదిగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. ఇక చూడాలి ఆయనగారి సంబరం! గోడలకు గంధం రంగు వేశాడు. నేల మీద టేకు పలకలు పరిచాడు. ఫైళ్లు కాగితాలై కొన్ని గోడలకు అంటుకున్నాయి, కొన్ని నేల మీద దొంతరలుగా పడ్డాయి. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టు, ఆ గదికి కిటికీ కూడా పెట్టి అందులో ఎండలో మెరిసే నది బొమ్మను అమర్చుకున్నాడు.

ఆ గదికి ఒక నియమం ఉంది. ముట్టుకున్న కాగితం కాస్త పెరుగుతుంది, ముట్టుకోనిది కాస్త తగ్గుతుంది. సన్మానాల ఫోటోలు తలుపులంత అయ్యాయి. పట్టికను వేసవి అంతా ఎవరూ ముట్టుకోలేదు.

"పనికొచ్చేది పెరుగుతుంది, పనికిరానిది పోతుంది. లోకం తీరే అంత కదండీ!" అని అధికారి వచ్చినవాళ్లందరికీ గది చూపించేవాడు.

శ్రావణంలో ఎగువన వానలు పడ్డాయి. ఒక ఉదయం గేట్ల మేస్త్రీ తడిసిన బట్టలతో లోపలికి వచ్చాడు.

"అయ్యగారూ, నీళ్లు ఎర్రగీత దాటేశాయండి. ఏ గేటు ముందు ఎత్తమంటారు?"

"ఉండవయ్యా, చూసి చెబుతాను."

అధికారి తెర మీది గదిలో వెతకడం మొదలుపెట్టాడు. అడ్డొచ్చిన ఫోటోను పక్కకు నెట్టాడు. నెట్టగానే అది పెరిగింది. దొంతరను ఎత్తితే దొంతర పెరిగింది. జరిపిన కాగితమల్లా ఇంకా పెద్దదై మళ్లీ అడ్డొచ్చింది.

"పోనీ తోచింది ఎత్తేద్దామాండి?"

"తోచిందా! ఒక్కో మట్టానికి ఒక్కో వరుస. పొరపాటైతే లంక ఉంటుందా?"

ఏటా ఈ ఆఫీసులోంచి మాట వస్తేనే మేస్త్రీ గేటు ఎత్తింది.

ఇంతలో ఫోన్ మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా, ఆనకట్ట మీంచి పొర్లి వాకిట్లోకి నీళ్లొచ్చేశాయి. పిల్లాణ్ణి మంచం మీద కూర్చోబెట్టాను. ఉండమంటావా, ఎటైనా పొమ్మంటావా?"

"ఉండు తల్లీ. నేను చూస్తున్నాగా!"

ఆ మాట అన్నాక అతనికి భయం వేసింది. అప్పుడు తట్టింది: గదిని మూసేస్తే పాత తెర వస్తుంది, అక్కడ ఫైళ్లన్నీ ఒకటే సైజు! గబగబా మీట నొక్కాడు. తెర మీద ఒక ప్రశ్న వచ్చింది.

"గది అమరికను భద్రపరచమంటారా?"

వద్దంటే క్షణంలో పాత తెర. కాకపోతే గోడలూ రంగులూ దొంతరలూ ఇక ఉండవు. అవునంటే కాసేపు ఆగాలి.

"వద్దనండి అయ్యగారూ! వద్దనండి!"

"ఎంతసేపులేవయ్యా," అని అధికారి అవునని నొక్కాడు.

తెర అడుగున సన్నటి గీత ఒకటి ఎడమ నుంచి కదిలింది. ఏడాదిగా పెంచిన గది. అంత తొందరగా ఎలా సర్దుకుంటుంది? గీత సగానికి వచ్చేసరికి మళ్లీ ఫోన్ మోగింది. అధికారి తెర మీంచి చూపు తిప్పకుండానే దాన్ని చెవికి పెట్టుకున్నాడు. "ఇదిగో, అయిపోవచ్చిందమ్మా," అన్నాడు. అవతల నుంచి మాట లేదు. మేస్త్రీ వరండాలోకి పరుగెత్తాడు.

గీత చివరికి చేరింది. పాత తెర వచ్చింది. పట్టిక మొదటి వరుసలోనే ఉంది.

"దొరికింది! పడమటి గేటు ముందు!" అని అధికారి కేక వేశాడు.

మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"తూర్పు కట్ట తెగి నీళ్లన్నీ లంక మీద పడ్డాయండి. పడమటి గేటు ఎవరి కోసం ఎత్తమంటారు?"

తెర మీద చిన్న అక్షరాలు వచ్చాయి: "మీ గది భద్రంగా ఉంది."